డూప్లికేట్ సోంబర్లు

మా ఆఫీసుకి కంప్యూటర్ వచ్చిన రోజున సెక్రటరీ జగన్నాథరావుగారు దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. నేను క్రైస్తవుణ్ణి కాబట్టి కళ్లు మూసుకుని మనసులో చిన్న ప్రార్థన చేసుకున్నాను. సూపర్‌వైజర్ సోంబరు ఎటూ తేల్చుకోలేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో కొబ్బరినీళ్లు వెళ్లి కీబోర్డు మీద పడ్డాయి. "అయ్యయ్యో!" అంటూ పరిగెత్తి నా కొత్త చేతిరుమాలుతో తుడిచాను. టైపు వచ్చినవాణ్ణీ నేనే, తుడిచినవాణ్ణీ నేనే కాబట్టి ఆ రోజు నుంచి కంప్యూటర్ నా పాలబడింది. అది రెండువేల రెండో సంవత్సరం.

నా పేరు యేసుపాదం. మాది కురుపాం. మా నాన్న మిషను బడిలో మేష్టారు. నేను ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి, పార్వతీపురంలో టైపు లోయరూ హయ్యరూ పాసై, తొంభై ఒకటిలో హుకుంపేట వచ్చి ఒక విద్యా సంఘంలో టైపిస్టుగా చేరాను. రోడ్డు లేని కొండ ఊళ్లల్లో ఒక్క టీచరుతో నడిచే చిన్న బళ్లు మా సంఘానివి. అలాంటివి అరవై రెండు ఉండేవి. వాటిలో నేను కళ్లారా చూసినవి ఎన్ని అని అడక్కండి. రోడ్డు పక్కన ఉన్నవి రెండు చూశాను. మిగతా అరవై నా టైపు మిషన్లో మాత్రమే చూశాను.

కంప్యూటర్ రాకముందు మా సంఘంలో నిర్ణయాలన్నీ సంత రోజే జరిగేవి. మా ఆఫీసు సంత వీధిలోనే ఉంది. కొండ మీది టీచర్లు సంతకి దిగేవాళ్లు, హాజరు రిజిస్టరు తెచ్చి నాకిచ్చేవాళ్లు, ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు. సెక్రటరీగారు వరండాలో కుర్చీ వేయించుకుని, "ఏమయ్యా సోంబరూ, ఆ పక్క ఏమిటి సంగతులు?" అనేవారు. సోంబరు స్తంభానికి ఆనుకుని మొదలుపెట్టేవాడు. వాడికి అప్పటికే యాభై దగ్గర. నెలకి అరవై రెండు బళ్లూ కాలినడకన తిరిగొచ్చేవాడు. మేం గెడ్డ అనే కొండవాగు ఏ ఊళ్లో పొంగింది, ఏ బడి కప్పు కారుతోంది, ఏ టీచరు పెళ్లి కుదిరి మానేసేలా ఉంది, అంతా వాడి నోట్లో ఉండేది. ఒక్కొక్క ఊరికీ అరగంట. నాకు చిర్రెత్తుకొచ్చేది. "అసలు విషయం సెప్పరా బాబూ, పిల్లలెంతమంది?" అని లోపల్నుంచి అరిచేవాణ్ణి.

తొంభై ఆరులో ఒక బడిలో తొమ్మిదిమందే పిల్లలున్నారు. సెక్రటరీగారు మూసేద్దామన్నారు. సోంబరు తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. ఆ ఊళ్ల సంకనెక్కిన గుంటలు పద్దెనిమిదిమంది ఉన్నారు. రెండేళ్లు ఆగండి" అన్నాడు. ఆగారు. తొంభై తొమ్మిదికల్లా ఆ బడిలో ముప్ఫైమంది అయ్యారు. సంకనెక్కిన పిల్లల్ని లెక్కపెట్టే గడి ఏ ఫారంలోనూ ఉండదని నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

కంప్యూటర్ వచ్చాక నన్ను విశాఖపట్నంలో పదిహేను రోజుల ట్రైనింగుకి పంపారు. వెళ్లేటప్పుడు టైపిస్టుని. వచ్చేటప్పుడు నేనేమయ్యానో నాకే తెలీదు. నడక మారిపోయింది. జేబులో రెండు పెన్నులు పెట్టడం మొదలుపెట్టాను. కంప్యూటర్ గది గుమ్మం మీద "పాదరక్షలు బయట విడువవలెను" అని బోర్డు రాయించాను. సోంబరుకి చెప్పుల అలవాటే లేదు. వాడి పాదాల నిండా ఎర్రమట్టి. "కాళ్లు కడుక్కుని రా" అన్నాను. పాపం, వాడు ప్రతిసారీ బోరింగు దగ్గరికి వెళ్లి కడుక్కునే వచ్చేవాడు. నా భార్య లిదియా ఇంట్లో నా వాలకం చూసి, "ఉప్పు డబ్బా ఏ గూట్ల ఉందో తెలీని మనిసివి, అరవై రెండు బళ్లూ నీ సేతిలో ఎట్టేరా? దేవుడే కాయాల" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆవిడకి సిస్టమ్ గురించి ఏం తెలుసు అనుకునేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి సంత వరండా ఖాళీ అయిపోయింది. అరవై రెండు బళ్లూ ఒక్క షీటు మీద వచ్చేశాయి. పిల్లలు ఇరవై దాటితే పచ్చ గీత, తగ్గితే ఎర్ర గీత. సెక్రటరీగారు చెడ్డవారు కాదు. కానీ రంగులు చూడటం అలవాటయ్యాక మనుషుల మాటలు ఆయనకి మరీ పొడుగ్గా తోచసాగాయి. సోంబరు ఏదో చెప్పబోతే "షీటులో ఉందా?" అనేవారు. ఉండటానికి చివర్లో ఒక గడి ఉంది. దాని పేరు రిమార్కులు. ఆ గడిలో ముప్ఫై అక్షరాలే పట్టేలా పెట్టినవాణ్ణి నేనే, కాగితం మీద అందంగా రావాలని. ఓసారి సోంబరు కాళ్లు కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడి, నేరేడుపుట్టు బడి గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆ ఊరికీ పక్క ఊరి బడికీ మధ్య గెడ్డ ఉందనీ, శ్రావణంలో అది పెద్దవాళ్లని కూడా లాక్కుపోతుందనీ, అంతకు ముందేడు ఒక మేకల మందనే తీసుకుపోయిందనీ, ఆ బడి అక్కడ ఉండి తీరాలనీ చెప్పాడు. నేను ఇంగ్లీషులో "గెడ్డ ఉంది" అని కొట్టి, "అయిపోయింది, నువ్వెళ్లు" అన్నాను.

రెండువేల నాలుగు మార్చిలో హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇరవైమంది కన్నా తక్కువున్న బళ్లు జూన్ నుంచి ఉండవు, పిల్లల పేర్లన్నీ సరిచూసి పంపండి అని. సరిచూడటం అంటే నాకు సరదా. ట్రైనింగులో ఒక చిట్కా నేర్పారు. ఒకే పేరు రెండుసార్లు పడితే యంత్రమే పట్టుకుని ఒకటి ఉంచి మిగతావి తీసేస్తుంది. ఏమేం కలిస్తే ఒకే మనిషి అనుకోవాలో మనం చెప్పాలి. తండ్రి పేరు గడి హైదరాబాదు ఫారంలో లేదు. పుట్టిన తేదీ చూద్దామంటే కొండ మీద పిల్లలంతా జూన్ ఒకటినే పుట్టినట్టు టీచర్లు రాసేశారు. అందుకని ఇంటిపేరు, పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తే ఒకే మనిషి అని యంత్రానికి చెప్పాను. మీట నొక్కాను. నూట పద్దెనిమిది పేర్లు ఎగిరిపోయాయి.

నా ఆనందం చూడాలి! పరుగున సెక్రటరీగారి గదిలోకి వెళ్లి, "సార్, నూట పద్దెనిమిది దొంగ పేర్లు పట్టుకున్నాను" అన్నాను. డూప్లికేటు అనాల్సిన చోట దొంగ అన్నది నా సొంత కవిత్వం. ఆయన కళ్లజోడు తీసి, "అంటే లేని పిల్లల్ని ఉన్నట్టు రాశారన్నమాట" అన్నారు. "అంతే కదండీ" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు మూడు ఇంటిపేర్లున్న ఊళ్లల్లో తలా ఒకరో ఇద్దరో పోయినా బడి నిలబడింది. నేరేడుపుట్టులో మాత్రం ఉన్నవాళ్లంతా పాంగివాళ్లే. ఇరవై ఆరుమంది పిల్లల్లో పద్నాలుగుమంది పోయి పన్నెండుమంది మిగిలారు. ఎర్ర గీత పడింది. లేని పిల్లల పేర్లు రాసినందుకు సంజాయిషీ ఇవ్వాలని అక్కడి టీచరు దేముడమ్మకి ఉత్తరం వెళ్లింది. టైపు చేసింది నేను. చివర్లో సెక్రటరీగారు చెప్పకుండానే "ఇది మోసముగా పరిగణింపబడును" అని నేనే చేర్చాను.

దేముడమ్మ ఆ ఊరి పిల్లే. ఆ ఊళ్లో పదో తరగతి పాసైన మొదటి మనిషి. వయసు ఇరవై రెండో, ఇరవై మూడో. సంత రోజు ఆ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "సార్, నాను దొంగనా?" అంది.

నేను మానిటర్ మీంచి కళ్లు తిప్పకుండా, "నేనన్నానా? సిస్టమ్ అంటంది" అన్నాను.

"మా గుంటలు ఇరవై ఆరుమంది ఉన్నారు సార్. రోజూ నానే కదా సూత్తన్నాను."

"సూడమ్మా, పాంగి సోంబరు అని ఐదుసార్లు రాసేవు. పాంగి సుక్రి అని నాలుగుసార్లు రాసేవు. ఒక్క ఊళ్లో ఒకే పేరు ఐదుగురికి ఉంటాదేటి?"

"ఉంటాది సార్" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

"కంప్యూటర్ తప్పు సెప్పదు" అన్నాను. ఆ మాట అప్పట్లో రోజుకి నాలుగుసార్లయినా అనేవాణ్ణి.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నేను ఓదార్చి పెద్దమనిషిని అనిపించుకునేవాణ్ణి. "బడి మూసేత్తే ఈ గుంటలు గెడ్డ దాటాల సార్. వానాకాలం నానైతే పంపను. వాళ్ల అమ్మలూ పంపరు. సదువు అక్కడితో సరి" అంది. వెళ్లిపోయింది. ఉత్తరం మాత్రం గుమ్మం మీద పెట్టి వెళ్లింది.

మరుసటి సంతకి నేను ఆఫీసు తాళం తీసేసరికి వరండా నిండా పిల్లలు. చంకలో ఉన్నవాళ్లూ, ముక్కు కారేవాళ్లూ, తమ్ముణ్ణి వీపున కట్టుకున్న ఆడపిల్లలూ, అందరూ మూడు గంటల నడక దూరం నుంచి దిగారు. దేముడమ్మ రిజిస్టరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పక్కన సోంబరు. సెక్రటరీగారు రిక్షా దిగి, "ఏమిటిదంతా?" అన్నారు.

"హాజరు సార్" అంది దేముడమ్మ. రిజిస్టరు తెరిచి, "పాంగి సోంబరూ!" అని పిలిచింది.

ఐదుగురు లేచారు. ఒకడు నా నడుమంత ఉన్నాడు. ఒకడికి ముందు పళ్లు లేవు. ఒకడు లేచినవాడు నిద్రమొహంతో మళ్లీ కూర్చుని, పక్కవాడు పొడిస్తే మళ్లీ లేచాడు.

"పాంగి సుక్రీ!" నలుగురు ఆడపిల్లలు లేచారు.

సోంబరు నా వైపు చూసి, "సోమారం పుడితే సోంబరు, మంగళారం పుడితే మంగులు, సుక్రోరం పుడితే సుక్రి. వారం బట్టే కదా బాబూ మా పేర్లు. ఏడే వారాలు, ఏటి సేత్తాం?" అన్నాడు. "మా అన్న పేరూ సోంబరే. ఈ హుకుంపేటలో ఆడి కూతురి పెళ్లి భోజనానికి నువ్వూ వొచ్చేవు."

వచ్చాను. తిన్నాను. పెద సోంబరు, చిన సోంబరు అని వాళ్లు పిలుచుకుంటుంటే నవ్వుకున్నాను కూడా. వారాల పేర్ల సంగతి పన్నెండేళ్లుగా నాకు తెలుసు. తెలిసి కూడా మీట నొక్కేటప్పుడు ఆ తెలివి నా వేలి దాకా రాలేదు. పక్కనే సోంబరుని పెట్టుకుని, సోంబరు అనే పేరు ఐదుగురికి ఉంటుందా అని అడిగిన మేధావిని నేను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. వరండాలోంచి గదిలోకి పోదామంటే అడ్డంగా పిల్లలు.

జగన్నాథరావుగారు చంకపిల్లల్ని వదిలేసి ఇరవై ఆరుమందినీ వేలు పెట్టి లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టి దేముడమ్మతో, "తప్పు మాదేనమ్మా, ఆ ఉత్తరం సంగతి మర్చిపో" అన్నారు. అప్పుడే వెళ్లి హైదరాబాదుకి ఫోన్ చేస్తే, లైను దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. నేను పక్కనే నిలబడి విన్నాను. అవతలివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. పిల్లలు ఉన్నారంటే నమ్ముతాం సార్, కానీ ఒకే ఊళ్లో ఒకే పేరు రెండోసారి కొడితే ఇక్కడ సిస్టమ్ తీసుకోదు, అంకెలు వేసినా తీసుకోదు, సరిచేసిన ఫ్లాపీ రేపు సాయంత్రానికి మా చేతిలో ఉండాలి, లేకపోతే పన్నెండే ఖాయం అన్నారు.

ఫోన్ పెట్టేసి సెక్రటరీగారు నా వైపు తిరిగారు. "మనుషుల్ని ఎదురుగా పెట్టుకుని లేరనలేం. సిస్టమ్ మార్చమంటే వాళ్లు మార్చరు. ఇక పేర్లే మార్చాలి. పద్నాలుగు పేర్లు చూడు, యేసుపాదం. నాలుగింటి బస్సులో ఫ్లాపీ వెళ్లిపోవాలి. బైబిల్ పేర్లు మాత్రం పెట్టకు, రేపు లేనిపోని గొడవ" అన్నారు.

నాకు తెలిసిన పేర్లలో సగం అక్కడితో పోయాయి. గడియారం చూస్తే మూడు. కిటికీలోంచి సంత వీధిలోకి చూశాను. ఎదురుగా గాయత్రి ఫ్యాన్సీ స్టోర్స్. గాయత్రి అని కొట్టాను. పక్కన రవిబాబు సైకిల్ షాపు. రవిబాబు. ఆ పైన వరహాలరావు టిఫిన్స్. వరహాలరావు. బోర్డులు అయిపోయాక గోడ మీది సిమెంటు ప్రకటనలో మేస్త్రి పేరు, అది కూడా అయిపోయాక మందుల షాపు వాళ్ల చెల్లెలి పెళ్లి కార్డు. మూడుంబావుకి పద్నాలుగు పేర్లూ పడ్డాయి. నా వేగం చూసి నేనే మెచ్చుకున్నాను. ఫ్లాపీ కండక్టరు చేతికిచ్చి వచ్చాను.

ఈ కథలో నన్ను నిజంగా బాధపెట్టేది ఇదొక్కటే, అందుకే దాచకుండా చెబుతున్నాను. నేను కిటికీలోంచి బోర్డులు చదువుతున్నంతసేపూ ఆ పిల్లలు గోడకి అవతల వరండాలోనే ఉన్నారు. నేను కొనిచ్చిన పకోడీలు తింటూ కూర్చున్నారు. దేముడమ్మ అక్కడే ఉంది. వెళ్లి "ఏ పేరు కావాలమ్మా?" అని అడిగితే ఎంతసేపు పట్టేది? అడగాలని తోచలేదు. మెడ అటు తిప్పాలని కూడా తోచలేదు.

ఏప్రిల్‌లో షీటు తిరిగొచ్చింది. నేరేడుపుట్టు, ఇరవై ఆరు, పచ్చ గీత. బడి నిలబడింది. జూన్‌లో కొత్త హాజరు పట్టీ అచ్చు వేసి, నువ్వే వెళ్లి పిల్లలకి పేర్లు చెప్పి రా అని సెక్రటరీగారు నన్ను పంపారు. పదమూడేళ్ల ఉద్యోగంలో కొండ ఎక్కడం అదే మొదటిసారి. సోంబరు ముందు నడిచాడు. నేను వెనక పాకాను. దారిలో గెడ్డ అడ్డొచ్చింది. ఇంకా వానలు పడలేదు, మోకాలి లోతే ఉంది. అయినా మధ్యలో నా కాలు జారింది, సోంబరు చొక్కా పట్టుకుని గట్టెక్కాను. జేబులోని రెండు పెన్నుల్లో ఒకటి నీళ్లలో పోయింది. రిమార్కుల గడిలో ముప్ఫై అక్షరాలకి కుదించిన గెడ్డ అదే. వణుకుతూ ఒడ్డున కూర్చుంటే సోంబరు నా చెప్పులు తెచ్చి పక్కన పెట్టాడు. వాడు ఒక్క మాట దెప్పి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

బడి అంటే ఒక పాక. పిల్లలంతా శుభ్రంగా తలదువ్వుకుని కూర్చున్నారు. ఊళ్లో ఆడవాళ్లు కొందరు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను తడి పాంటుతో, గొప్పగా గొంతు సవరించుకుని పట్టీ తెరిచాను.

"పాంగి సోంబరు."

ఐదుగురు లేచారు. వాళ్లలో ఒక్కడే ఇంకా సోంబరు అనీ, మిగతా నలుగురూ కూర్చోవాలనీ చెప్పాను. నలుగురూ దేముడమ్మ మొహం చూశారు. ఆమె కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది. కూర్చున్నారు గానీ, ఏం తప్పు చేశామా అన్నట్టు కూర్చున్నారు.

"పాంగి గాయత్రి."

ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడు దేముడమ్మ పట్టీలోకి తొంగి చూసి ఒక పిల్ల భుజం తట్టింది. ఏడేళ్లుంటాయేమో. నిన్నటి దాకా సుక్రి. ఆ పిల్ల లేచి నన్ను ఎగాదిగా చూసి, "గాయత్రి అంటే ఏ వారం సార్?" అంది.

ఫ్యాన్సీ స్టోర్సు బోర్డమ్మా అని ఎలా చెప్పను? గుమ్మం దగ్గర ఆ పిల్ల తల్లి కూడా నా జవాబు కోసమే చూస్తోంది. తన కూతురు పుట్టిన రోజుని నేను ఎక్కడికి తీసుకుపోయానో అని చూస్తున్నట్టు అనిపించింది.

"శుక్రవారం" అన్నాను. "గాయత్రి అంటే శుక్రవారమేనమ్మా."

ఆ పిల్ల మొహం విప్పారింది. "హాజరు సార్!" అని అరిచి కూర్చుంది. తరవాత రవిబాబు అని పిలిస్తే, దేముడమ్మ తట్టిన పళ్లు లేనివాడు లేచి, "మరి నా రవిబాబు?" అన్నాడు. "సోమవారం" అన్నాను. వరహాలరావు అంటే బుధవారం అన్నాను. ఆ పూట వరసగా పద్నాలుగు అబద్ధాలు చెప్పాను. ఒక్కొక్కదానికీ ఒక్కొక్కరు సంతోషంగా హాజరు పలికారు. దేముడమ్మ నల్లబల్ల వైపు తిరిగి నిలబడింది. నవ్వుతోందో ఏం చేస్తోందో నాకు తెలీలేదు. నేను మాత్రం ఇంటికొచ్చి లిదియాతో గొప్పగా చెప్పాను, ఎంత సమయస్ఫూర్తి నాది అని. ఆవిడ అన్నం వడ్డిస్తూ, "సిన్న గుంటలకాడ కూడా అబద్ధాలేనా?" అంది.

తరవాత ఐదేళ్లు ఏ గొడవా లేదు. సెక్రటరీగారు రిటైరై వెళ్లిపోయారు. సోంబరు మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడు. నాకు జీతంతో పాటు పొట్ట పెరిగింది. ఫ్లాపీలు పోయాయి, ఇంటర్నెట్టు వచ్చింది. ఇప్పుడు డూప్లికేట్లు పట్టడానికి నేను కూడా అక్కర్లేదు. మనం పేరు కొడుతుండగానే హైదరాబాదు సిస్టమ్ తనే పట్టుకుంటుంది.

రెండువేల తొమ్మిది జూన్‌లో నేరేడుపుట్టు నుంచి కొత్తగా చేరిన పిల్లల జాబితా వచ్చింది. దేముడమ్మ రాతే. మొదటి పేరు కొట్టాను. పాంగి గాయత్రి. తెర మీద ఎర్ర గీత. ఈ పేరు ఇదివరకే ఉంది అంది సిస్టమ్. ఆ మొదటి గాయత్రి అప్పటికి మా బడి దాటిపోయి ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి చదువుతోంది, పేరు మాత్రం ఇక్కడ ఉండిపోయింది కాబోలు అనుకుని రెండో పేరు కొట్టాను. పాంగి గాయత్రి. మూడోది పాంగి రవిబాబు. నాలుగోది పాంగి రవిబాబు. ఐదోది పాంగి వరహాలరావు. ఆరోది మళ్లీ గాయత్రి. తెరంతా ఎర్రబడింది.

ఆ వారం సంతకి దేముడమ్మ దిగింది. అప్పటికి ఆమెకి ఇద్దరు పిల్లలు. జాబితా చూపించి, "ఏటమ్మా ఇది? ఊరంతా ఈ మూడు పేర్లేనా?" అని అడిగాను.

"సుక్రోరం పుట్టిన ఆడగుంటలు సార్" అంది. "సుక్రి అని ఎడితే కంప్యూటర్ ఒప్పుకోదని మా ఊళ్లో అందరికీ భయం. గాయత్రి అంటే సుక్రోరం అని, గవర్నమెంటు వాళ్లు ఒప్పుకునే పేరని ఎడతన్నారు. సోమారం పుట్టినోళ్లకి రవిబాబు."

"నువ్వైనా సెప్పలేకపోయేవా తల్లీ? అవి ఏటో నీకు తెలుసు కదా. ఈ వీధిలోకి నువ్వు వారంవారం వత్తావు. ఎదురుగా బోర్డు సూత్తావు."

"సెప్పేను సార్. పురిటింటికి ఎల్లి మరీ సెప్పేను. అది ఫేన్సీ కొట్టు పేరు, వారం పేరు కాదు అన్నాను." దేముడమ్మ జాబితా మడిచి నా బల్ల మీద పెట్టింది. "ఎవులూ నమ్మనేదు సార్. నాకే సివాట్లు ఎట్టేరు. అంత దూరం గెడ్డ దాటి, తడిసిపోయి వొచ్చి, ఒక్కొక్క గుంటకీ పిలిసి సెప్పేడు, యేసుపాదం సారు అబద్ధం సెప్తాడేటి అన్నారు."